రబ్బరు తొడుగులో వీర్రాజు

నేను సినిమాలు చూడను. చూడనని ఒట్టేమీ పెట్టుకోలేదు. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పినదాన్ని, తెర మీద మనిషి గాల్లో ఆరు పల్టీలు కొడితే నా కుడిచెయ్యి దానంతటదే ఎర్రకలం కోసం వెతుకుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకి అది ఇబ్బంది. అందుకని మానేశాను. అలాంటిదాన్ని మొన్న జూలైలో ఒక శనివారం అమలాపురం వెళ్ళి, మ్యాట్నీలో కూర్చుని, ‘నెప్ట్యూన్ నీడ’ అనే సినిమా మొదటినుంచి చివరిదాకా చూశాను. వైజ్ఞానిక భయానక చిత్రమని పోస్టరు మీద రాశారు. అందులో వైజ్ఞానికం లేదు, భయానకం అంతకన్నా లేదు. ఉన్నది మా వీర్రాజు.

వీర్రాజు మా తోటలో దింపు తీసే మనిషి. మా ఊరు అంబాజీపేటకి నాలుగు కిలోమీటర్లు. నాకు అరవై రెండు కొబ్బరిచెట్లున్నాయి, జీతం డబ్బుతో ఒక్కో ముక్కా కొనుక్కున్నవి. మా తాత ఇవే తోటల్లో కూలికి కాయ ఒలిచాడు కాబట్టి ఆ అరవై రెండూ నాకు చాలా ఎక్కువ. రెండు నెలలకోసారి వీర్రాజు వచ్చి, కాళ్ళకి తాడు బంధం వేసుకుని, నడుముకి కత్తి కట్టుకుని, వరసగా చెట్లెక్కి కాయ దింపుతాడు. ఇప్పుడతనికి యాభై ఆరేళ్ళు. పద్నాలుగో ఏట నుంచీ అదే పని.

మా వైపు మనుషులకి మర్యాద ఎక్కువ. కాఫీలో పంచదార మరిచిపోయి ఇచ్చినా గ్లాసు ఖాళీ చేసి ‘బావుందండీ, ఆయ్’ అని లేస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిది అని నమ్మే జనం. నాకా విద్య అబ్బలేదు. పెళ్ళికి వెళ్ళి, పప్పులో ఉప్పెక్కువైందని పెళ్ళికూతురి తండ్రికే చెప్పి వచ్చిన మనిషిని. ఉన్నమాటంటే ఊరచ్చిరాదంటారు, నాకూ అంత అచ్చిరాలేదు. కానీ పిల్లాడికి ఇంజనీరింగు సీటు వస్తుందా రాదా, కొత్త పాస్టరు గారి ప్రసంగం ఎలా ఉంది, ఇలాంటివి నిజంగా తెలుసుకోవాలంటే మాత్రం జ్ఞానమ్మ టీచరు గారింటికే వస్తారు. అది నాకు గర్వంగానే ఉండేది.

ఏడాదిన్నర క్రితం హైదరాబాదు నుంచి ఉదయ్ అనే కొత్త దర్శకుడు మా ఊళ్ళో షూటింగుకి దిగాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, మెత్తటి మాట. నేను సైన్సు టీచర్నని ఎవరో చెబితే ఇంటికొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

“నెప్ట్యూన్ మీద ప్రాణి ఉంటే ఎలా ఉంటుంది మేడమ్?” అని అడిగాడు.

“ఉండదు” అన్నాను.

దాన్నీ పుస్తకంలో రాసుకున్నాడు.

ఆకాశంలోంచి ఊడిపడిన జంతువు కొబ్బరితోటలో దాక్కుంటుంది, చెట్టెక్కుతుంది, పైనుంచి మనుషుల మీదికి దూకుతుంది. ఇదీ కథ. దానికోసం తెచ్చిన ఫైటర్లు ఇద్దరిలో ఒకడు ఆరడుగుల ఎత్తులో జారి మోకాలు చెక్కేసుకున్నాడు. రెండోవాడు అది చూసి చెప్పులు తొడుక్కున్నాడు. అప్పుడు వీర్రాజుని పిలిచారు. నల్ల రబ్బరు తొడుగు, వీపు మీద ముళ్ళు, చేతికి మూడేసి వేళ్ళు, కళ్ళలో బ్యాటరీ దీపాలు. లోపల గాలాడదు. పావుగంటకోసారి మూతి దగ్గర జిప్పు తీసి గ్లూకోజు నీళ్ళు పట్టేవారట. అలా తొమ్మిది రోజులు ఎక్కాడు, దిగాడు.

“వీర్రాజు గారూ రెడీయా అండీ అనేవోరండి టీచరు గారూ. తొమ్మిది రోజులూ ఒక్కళ్ళు కూడా గారు మానలేదండి” అని నాకు చెప్పాడు. చెమట సంగతి అడిగితే గానీ చెప్పలేదు. మా జిల్లాలో గారు అనే మాట అందరికీ దొరుకుతుందనుకుంటాం. దింపు తీసేవాడికి దొరకదు. నేనూ ఎప్పుడూ అనలేదు.

వెళ్ళేటప్పుడు ఉదయ్ అతని చెయ్యి పట్టుకుని, సినిమా జనానికి నచ్చితే రెండో భాగం తీస్తామని, అందులోనూ జంతువు మీరేనని, హైదరాబాదులో సెట్టు వేస్తాం కాబట్టి నిజం చెట్లెక్కే పనుండదని చెప్పి ఫోను నంబరిచ్చాడు. వీర్రాజు ఆ మాటని ఏడాదిన్నరపాటు దాచుకున్నాడు. సినిమా మాత్రం విడుదల కాలేదు.

ఈలోగా ఈ జనవరిలో అతనికి కళ్ళు తిరగడం మొదలైంది. ఒకరోజు అయినవిల్లి వైపు ఎవరి తోటలోనో చెట్టు మీద ఉండగా భూమి గిర్రున తిరిగితే చెట్టు తలలో, మట్టల మధ్య మొవ్వులో తల పెట్టుకుని అరగంట అలాగే ఉండిపోయాడు. మార్చిలో మళ్ళీ. అమలాపురంలో డాక్టరు బీపీ అని, చెవిలో ఏదో లోపమని, ఇక చెట్టు ఎక్కొద్దని కచ్చితంగా చెప్పాడు. వీర్రాజు ‘ఆయ్’ అన్నాడు. మర్నాడు ఎక్కాడు.

నా దగ్గర చదువుకున్న ప్రసన్న అంబాజీపేట రోడ్డులో ఇంగ్లీషు మీడియం స్కూలు నడుపుతోంది. గేటు దగ్గర మనిషి కావాలని తెలిసి నేనే అడిగాను. కుర్చీ, గొడుగు, ఖాకీ చొక్కా, మధ్యాహ్నం భోజనం. చెట్టు అన్నది ఆ ఆవరణలోనే లేదు. ప్రసన్న ఒప్పుకుంది, కానీ ఎక్కువ రోజులు ఆగలేనంది. “సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి రావాలి టీచర్. రాకపోతే ఇంకొకాయన ఉన్నారు, ఆయన్ని పెట్టేసుకుంటాను.”

ఆ సోమవారానికి ముందు శుక్రవారమే సినిమా విడుదలైంది. వీర్రాజు సినిమా చూసి గానీ తేల్చుకోనన్నాడు.

శనివారం పొద్దున్న అతని భార్య దుర్గమ్మ మా పెరటి గుమ్మం దగ్గరకొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

“టీచరు గారూ, మజ్జానం మీరూ రావాలండి. ఆయన మీకు కూడా సీటు చెప్పించేరు.”

“నేను సినిమాలు చూడను దుర్గమ్మా.”

“తెలుసండి. అందుకే వచ్చేనండి. అందరూ బావుందంటారండి. మా తమ్ముడైతే చూడకముందే బావుందంటన్నాడు. ఆయన మీ మాటొక్కటే నమ్ముతారు. మీరు బాలేదని ఒక్క ముక్క చెప్తే సోమవారం ఆ గేటు కాడికి ఎల్తారండి.”

“సినిమా నిజంగా బాగుంటే?”

ఆమె కొంచెం ఆలోచించింది. “బాగుంటే అబద్ధం ఆడమన్ను కదండీ. అప్పుడు నా ఖర్మండి.” కొంగుతో ముఖం తుడుచుకుని, “ఆయన పైనుంటే నేను కింద కూడు తినలేకపోతన్నానండి” అంది.

వస్తానన్నాను. బాగులేనిదాన్ని బాగులేదని చెప్పడానికి నన్ను ఎవరూ బతిమాలక్కరలేదు. జీవితంలో నాకొచ్చిన అతి తేలిక పని అదేననుకున్నాను.

దుర్గమ్మ తమ్ముడు అయ్యప్పకి ఆటో ఉంది. ముందు సీట్లో అతని పక్కన ఒకరు, వెనక ఏడుగురం. వీర్రాజు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, జుట్టుకి రంగు వేసుకున్నాడు. ముఖం కనపడని వేషానికి జుట్టుకి రంగెందుకో నేనడగలేదు. దారిపొడవునా అయ్యప్ప, “మా బావ దెబ్బకి ఇయ్యాళ అమలాపురంలో అందరికీ జొరాలండి టీచరు గారూ!” అంటూనే ఉన్నాడు. బాల్కనీలో నన్ను వీర్రాజు పక్కన కూర్చోబెట్టారు. అటుపక్క దుర్గమ్మ. బాల్కనీలో పాతికమంది, కింద ఓ యాభై మంది. రెండో రోజుకి అది మంచి జనమో కాదో నాకు తెలియదు. చాలామంది షూటింగు జరిగిన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళేనని గొంతుల్ని బట్టి తెలుస్తోంది.

నాలుగో నిమిషంలో అంతరిక్షంలో చెవులు చిల్లులుపడేలా పేలుడు జరిగింది. గాలి లేనిచోట శబ్దం ఎందుకు పుట్టదో నేను ఎనిమిదో తరగతికి చెప్పేదాన్ని. ఆ జంతువు నెప్ట్యూన్ నుంచి మూడు గంటల్లో మా తోటలో పడింది. అమలాపురం నుంచి విశాఖపట్నానికి బస్సు అంతకన్నా ఎక్కువ తీసుకుంటుంది. హీరో శాస్త్రవేత్త. ఆ సంగతి తెలియడానికి తెల్లకోటు వేశారు. కారులోనూ విప్పలేదు, భోజనం దగ్గరా విప్పలేదు. మైక్రోస్కోపు కింద ఏమీ పెట్టకుండా అందులోకి చూసి, దీనికి డీఎన్ఏ లేదని నిట్టూర్చాడు. హీరోయిన్ ఎత్తు మడమల చెప్పులతో వరిచేలో పడి పరిగెత్తింది. మూడుసార్లు పరిగెత్తినా చెప్పులకి బురద అంటలేదు. అక్కడితో నేను తప్పులు లెక్కపెట్టడం మానేశాను.

జంతువు ముందు తోక కనిపించింది, తర్వాత నీడ, తర్వాత చెయ్యి. వీర్రాజు నా వైపు వంగి గుసగుసగా చెబుతూ ఉన్నాడు. “ఇది నేను కాదండి, కంప్యూటరండి.” కాసేపాగి, “చెయ్యి నాదండి. ఎనకాల తోక కంప్యూటరు.”

ఇంటర్వెల్లో సమోసాలు తెచ్చారు. అయ్యప్ప తన కోసం ఒకటి తీసుకుని, “బావా, అదిరిపోయింది” అన్నాడు. మా ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, “బావుంది వీర్రాజూ”, “శానా ఖర్చెట్టేరు”, “సౌండు బాగా పెట్టేరు, ఆయ్” అని చెప్పి వెళ్ళారు. వెళ్ళి అటు తిరిగి ఆవులించిన వాళ్ళని నేను చూశాను. వీర్రాజు అందరికీ దణ్ణాలు పెడుతూ నా ముఖం వైపు చూస్తున్నాడు. సమోసా బాగులేదని మాత్రం చెప్పాను.

రెండో సగంలో వచ్చింది అసలు ఘట్టం. హీరోయిన్ తండ్రి కొబ్బరిచెట్టు పైన కట్టిన మంచె మీద దాక్కున్నాడు. జంతువు వాసన పట్టింది. సంగీతం ఆగిపోయింది. హాలంతా చీకటి, తెర మీద చెట్టు మొదలు, దాని ముందు నల్లగా, నిలువెత్తున, కళ్ళలో ఎర్రదీపాలతో ఆ నెప్ట్యూన్ జంతువు. మెల్లిగా చెయ్యెత్తింది. మూడు వేళ్ళతో చెట్టు మొదలు తాకింది. ఆ వేళ్ళు తీసుకెళ్ళి ఎర్రదీపాలకి అద్దుకుంది. ఒకసారి కుడికంటికి, ఒకసారి ఎడమకంటికి.

దింపు తీసేవాళ్ళందరూ అంతే. రోజుకి నలభై చెట్లెక్కినా ఏ చెట్టుకా చెట్టు తాకి కళ్ళకద్దుకోనిదే కాలు పెట్టరు. వీర్రాజుకి అది నలభై రెండేళ్ళ అలవాటు. తొడుగు తొడిగితే మాత్రం చెయ్యి ఊరుకుంటుందా? వద్దని ఎంత చెప్పినా ప్రతిసారీ చేశాడట. చివరికి ఉదయ్ విసిగి, తర్వాత కంప్యూటరులో తీసేద్దామన్నాడట. వాళ్ళు కంప్యూటరులో తీసేసింది కాళ్ళకున్న తాడు బంధాన్ని. దణ్ణాన్ని ఉంచేశారు. దాంతో భూగోళాన్ని నాశనం చెయ్యడానికొచ్చిన జంతువు ముందు కొబ్బరిచెట్టుకి భక్తిగా మొక్కి, తర్వాత కారణం లేకుండా రెండు కాళ్ళూ జంటగా పెట్టి కప్పలా గెంతుతూ పైకెక్కడం మొదలెట్టింది.

నేను నవ్వాను. హాల్లో మొదట నవ్వింది నేనే. నవ్వడం నాకు అరుదు కాబట్టి ఆపుకోవడం అలవాటు లేదు. తరగతిగది ఆ చివరికి వినపడేలా మాట్లాడి మాట్లాడి తయారైన గొంతు నాది, నవ్వూ ఆ గొంతులోంచే వచ్చింది. వీర్రాజు నా వైపు తిరిగాడు. టీచరు గారు నవ్వారు కాబట్టి తనూ మర్యాదకి కొంచెం నవ్వబోయాడు. అప్పటికి హాలంతా అందుకుంది.

“ఒరేయ్, ఇది మనోడేరోయ్!” అని కింద నుంచి ఒక కేక. “దెయ్యం గారూ, మా తోటకెప్పుడొస్తారండీ?” అని ఇంకొకటి. అల్లరికి కూడా అండీ తగిలించే ఊళ్ళు మావి. అయ్యప్ప పడీపడీ నవ్వి, బావ పక్కనే ఉన్నాడని గుర్తొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు.

దుర్గమ్మ నవ్వలేదు. కుర్చీ చేతిని రెండు చేతులతో పట్టుకుని, జంతువు పైకెక్కుతున్నంతసేపూ రెప్ప వెయ్యకుండా చూసింది. తొడుగులో ఉన్నది ఎవరో, చెట్టు ఎంత ఎత్తో ఆమెకి తెలుసు. ఆ హాల్లో భయపడిన మనిషి ఆమె ఒక్కతే.

వీర్రాజు తర్వాత నా వైపు వంగలేదు. ఏది తనో ఏది కంప్యూటరో చెప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో గుంజీలు తీయించాక కూర్చోబెట్టిన పిల్లాడిలాగా తిన్నగా తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. హీరో సముద్రపు నీళ్ళు చల్లి జంతువుని చంపాడు. ఎందుకు చచ్చిందో చెప్పలేదు, జంతువుకీ తెలిసినట్టు లేదు.

పేర్లు పడుతుండగా జనం లేచారు. వీర్రాజు కదల్లేదు. తన పేరు వేస్తామన్నారట. కెమెరా వాళ్ళు, కుట్టుపని వాళ్ళు, కార్ల డ్రైవర్లు, తెల్లటి వరసలు పైకి పాకుతున్నాయి. అవి సగంలో ఉండగా తెర ఆరిపోయింది, తలుపులు తెరిచారు, ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని లోపలికొచ్చింది. ఇంకో నిమిషం ఆగితే వాళ్ళ సొమ్మేం పోయేదో నాకు అర్థం కాలేదు.

బయట ఎండ మండుతోంది. అయ్యప్ప ఆటో తేవడానికి వెళ్ళాడు. “నవ్విన నాపచేనే పండుద్ది బావా, నువ్వేం అనుకోకు” అని వెళ్తూ అన్నాడు. మిగతావాళ్ళు “బావుంది, బావుంది” అంటూ నీడ వెతుక్కున్నారు. సైకిల్ స్టాండు పక్కన నేను, వీర్రాజు, నాలుగడుగుల దూరంలో దుర్గమ్మ.

“టీచరు గారూ” అన్నాడు వీర్రాజు. “అందరూ బావుందంటన్నారండి. ఆళ్ళు ఏదైనా బావుందంటారండి. మీరు చెప్పండి. మీరెలా చెప్తే అలాగేనండి.” గొంతు సవరించుకున్నాడు. “భయమేసిందాండీ?”

దుర్గమ్మ నా వైపు చూస్తోంది. చెప్పాల్సిన వాక్యం పొద్దున్నుంచీ నా దగ్గర తయారుగా ఉంది. ఈ సినిమా ఆడదు, రెండో భాగం రాదు, సోమవారం ఎనిమిదింటికి గేటు దగ్గర ఉండు. మూడు ముక్కలు. అన్నీ నిజం. కానీ అవతల అతను నేను నవ్వడం చూశాడు. చూసినా ఆ మాట ఎత్తకుండా నన్నడుగుతున్నాడు. నాకు సిగ్గేసింది. ముప్పై మూడేళ్ళలో ఒక్క పిల్లాడి తప్పుకీ నేను నవ్వలేదు. కొట్టాను, తిట్టాను, నవ్వలేదు.

“వేసింది” అన్నాను. అక్కడితో ఆగినా పోయేది. “చాలా భయం వేసింది వీర్రాజు గారూ.”

అతని ముఖం విప్పారింది. నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. దుర్గమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, ఆటో వస్తోందేమోనని రోడ్డు వైపు తిరిగింది.

రాత్రంతా ఆలోచించి, ఆదివారం ఆరాధన అయ్యాక నేనే వాళ్ళింటికి వెళ్దామనుకున్నాను. చర్చి నుంచి వచ్చేసరికి వీర్రాజు మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అరటిగెల ఒకటి తెచ్చాడు.

“ప్రసన్న గారికి రానని చెప్పేసేనండి. మీరు శ్రమపడి మాటాడేరు, మీకు కూడా చెప్పాలి కదండీ. ఆయ్.”

“వీర్రాజూ, కూర్చో” అన్నాను. “నేను నిన్న అబద్ధం చెప్పాను. నాకు భయం వెయ్యలేదు. ఎవరికీ వెయ్యలేదు. ఆ సినిమా చెత్త. వారం తిరక్కుండా తీసేస్తారు. రెండో భాగం రాదు. ఇప్పుడే ప్రసన్నకి ఫోను చేస్తాను, రేపు పొద్దున్న వెళ్ళు.”

అతను వింటున్నంతసేపూ తల ఊపాడు. అయ్యాక నవ్వాడు. మనసారా నవ్వాడు, నా మీద జాలిపడుతున్నట్టు కూడా అనిపించింది.

“దుర్గమ్మ వచ్చిందాండీ మీ దగ్గరికి?”

“వచ్చింది. శనివారం పొద్దున్న వచ్చింది. కానీ ఇది నా మాట.”

“కాదండి. ఇది దుర్గమ్మ మాటండి. నాకు తెలీదాండీ? మీరు నిన్న చెప్పిందే మీ మాట. మీరు గారు కూడా అన్నారండి. ఊరికే అనే మనిషి కాదు కదండీ మీరు.” లేచి తువ్వాలు దులుపుకున్నాడు. “మీరు నవ్వింది కూడా భయంతోటేనండి. కొంతమందికి అలా వస్తదంట. రాత్రి దుర్గమ్మకి అదే చెప్పేను.”

నేను గొంతు పెంచాను. శబ్దం ఎలా పుడుతుందో, మైక్రోస్కోపులో ఏం లేదో, అన్నీ చెప్పాను. చెట్టుకి దణ్ణం పెట్టిన జంతువుని చూసి జనం ఎందుకు నవ్వారో చెప్పాను. అతను ‘ఆయ్, ఆయ్’ అంటూ మెట్లు దిగి, వీధిలో నిలబడి మళ్ళీ దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఇన్నేళ్ళూ కూడబెట్టుకున్న పేరు అతని ఒక్కడి విషయంలో పనికొచ్చిందని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం వచ్చింది. అతని మీద కాదు.

సోమవారం తొమ్మిదింటికి ప్రసన్న ఫోను చేసి, వేరే ఆయన చేరాడని, మంచివాడేనని చెప్పింది. మంగళవారానికి అమలాపురంలో ‘నెప్ట్యూన్ నీడ’ తీసేసి వేరే సినిమా వేశారు. వీర్రాజు దానికి కారణం కనిపెట్టాడు. పెద్ద సినిమా వచ్చి చిన్న సినిమాని నొక్కేసిందట, హైదరాబాదులో బాగా ఆడుతోందట. ఉదయ్ నంబరుకి చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. బిజీగా ఉండి ఉంటారన్నాడు. నేను కూడా నా ఫోను నుంచి చేశాను. రెండుసార్లు మోగింది, మూడోసారి కట్ చేశారు. అది చెబితే కూడా వీర్రాజు నమ్మలేదు.

మా తోటకి దింపు ఆగస్టు చివర్లో వచ్చింది. వేరే మనిషిని పెట్టుకుందామని రెండు ఊళ్ళు తిరిగాను. ఈ రోజుల్లో దింపుకి మనుషులెక్కడ దొరుకుతారు, ఎక్కేవాళ్ళంతా గల్ఫులో ఉన్నారు. దొరికినా వీర్రాజు ఊరుకునేవాడు కాదు. కబురు పెట్టకుండానే పొద్దున్నే వచ్చేశాడు. ఈసారి వెనకాల దుర్గమ్మ కూడా వచ్చింది. కాయలేరడానికన్నారు.

“దుర్గమ్మా, నన్ను క్షమించు” అన్నాను, అతను తాడు సవరించుకుంటుండగా.

“అయ్యో, అదేం మాటండీ టీచరు గారూ” అంది. “మీరేం చేసేరు? ఆయన మనసు కష్టపెట్టకూడదని ఓ మంచి మాట అన్నారు. ఊళ్ళో అందరూ అన్నారు కదండీ. ఆయ్.”

అంతే. గొంతులో నిష్ఠూరం ఒక్క చుక్క లేదు. కాఫీలో పంచదార మరిచిపోయిన ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. ఊళ్ళో అందరిలోకీ నన్ను కలిపేసింది. నన్ను ఎవరైనా తిట్టినా ఇంత తగిలేది కాదు.

పదమూడు చెట్లు బాగానే ఎక్కాడు. పద్నాలుగో చెట్టు మీద కత్తి చప్పుడు ఆగిపోయింది. దుర్గమ్మ ఏరుతున్న కాయ కింద పెట్టేసింది. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి, “పిలవకండి. పిలిస్తే కిందకి చూస్తారు” అంది. ఇద్దరం అలాగే నిలబడ్డాం. పైన మట్టల మధ్య అతని మడమలు మాత్రం కనపడుతున్నాయి. ఎంతసేపో నేను చూసుకోలేదు. తర్వాత కత్తి మళ్ళీ కదిలింది, రెండు గెలలు పడ్డాయి, అతను దిగాడు. ముఖం పాలిపోయి ఉంది. మంచినీళ్ళిస్తే తాగాడు.

“ఏం లేదండి, ఎండండి” అన్నాడు.

“ఇవాల్టికి చాలు వీర్రాజు గారూ. మిగతావి ఉండనివ్వండి.” గారు ఇప్పుడు నా నోటికి అలవాటైపోయింది, అండీతో సహా.

“ఇంకెన్నాళ్ళండి? ఫోనొచ్చేదాకానేనండి.” లుంగీ మడతలోంచి ఫోను తీశాడు. ప్లాస్టిక్ కవరులో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. దుర్గమ్మ చెయ్యి చాచింది. అతను దాన్ని నాకందించాడు.

“మీ దగ్గరుంచండి టీచరు గారూ. నేను పైనుండగా ఉదయ్ గారు చేస్తే మీరే ఎత్తండి. మా దుర్గమ్మకి మాటాడ్డం రాదు. మీకు భయమేసిందని చెప్పండి. సైన్సు టీచరు గారు చెప్పేరంటే ఆయనకీ ధైర్యంగా ఉంటదండి.”

తీసుకున్నాను. అతను తాడు భుజాన వేసుకుని పదిహేనో చెట్టు వైపు నడిచాడు.